ఔన్సులు, పింట్లు, లీటర్లు: ఒక్కో దేశంలో సీసా సైజు ఒక్కోలా ఎందుకు?

వెన్నెల_ఆస్టిన్
అందరికీ నమస్కారం. అమ్మావాళ్లు ఏలూరు నుంచి ఈ మధ్యే అమెరికాలో మా దగ్గరికి వచ్చారు. షాపుకి తీసుకెళ్లిన ప్రతిసారీ అమ్మ అడిగే ప్రశ్నలకు నా దగ్గర సమాధానం ఉండటం లేదు. కూల్‌డ్రింక్ టిన్ను మీద 355 మి.లీ. ఏమిటి, ఇంటి దగ్గర 300 కదా? చిన్న బాటిల్ 591 ఏమిటి? నీళ్ల బాటిల్ మీద 16.9 ఔన్సులని ఎందుకు రాశారు, 17 అనొచ్చుగా? పాల క్యాన్ గ్యాలన్, పెరుగు డబ్బా 32 ఔన్సులు. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసినవాళ్లు చెప్పండి. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు మీ దగ్గర ఏ సైజులు ఉంటాయో కూడా రాయండి. అమ్మకి చదివి వినిపిస్తాను.

లెక్కల_మాస్టారు
మీ అమ్మగారు మంచి ప్రశ్న అడిగారమ్మా. అమెరికా ఫ్లూయిడ్ ఔన్సు అంటే 29.57 మి.లీ. దాన్ని 12తో గుణించండి, 355 వస్తుంది. 20తో గుణిస్తే 591. అంటే అక్కడి కంపెనీ దృష్టిలో అవి 12, 20 అనే గుండు అంకెలే, చివర తోకల్లేని అంకెలు. మిల్లీలీటర్లలోకి మార్చి చదువుతున్నాం కాబట్టి మనకు వింతగా కనిపిస్తున్నాయి.

నీళ్ల బాటిల్‌ది దీనికి తలకిందుల కథ. ఆ సీసా అసలు సైజు అర లీటరు. 500ని 29.57తో భాగిస్తే 16.9. అక్కడ లీటరు ముందు పుట్టింది, ఔన్సు తర్వాత అంటించారు. అందుకని ఏ లేబుల్ మీదైనా రెండు అంకెల్లో ఏది గుండుగా ఉందో చూడండి. ఆ సీసాను ఏ కొలతలో తయారు చేశారో దాన్ని బట్టి చెప్పేయొచ్చు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ కూడా అలాంటిదే. 1970లో పెప్సీ దాన్ని అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. పాలు గ్యాలన్లలో కొనే ఇంట్లోనే కూల్‌డ్రింక్ మాత్రం లీటర్లలో కొంటారు, ఎవరికీ తేడాగా అనిపించదు.

థేమ్స్_తీరం
లండన్ నుంచి. ఇక్కడ టిన్ను 330. పబ్బులో బీరు పింట్, అంటే 568 మి.లీ. అమెరికాలో పింట్ 473 మాత్రమే. పేరు ఒకటే, తేడా దాదాపు 95 మి.లీ.! సూపర్‌మార్కెట్‌లో పాల క్యాన్ మీద 2.272 లీటర్లు అని ఉంటుంది, పక్కన 4 పింట్లు అని రాస్తారు. మిగతా చాలా వస్తువులు మెట్రిక్‌లోకి మారినా, పీపా నుంచి పట్టే డ్రాఫ్ట్ బీరుకీ, ఆపిల్‌తో చేసే సైడర్‌కీ, తిరిగి ఇచ్చే సీసాల్లో పోసే పాలకీ పింట్‌ను చట్టమే ఉంచేసింది.

కృష్ణాతీరం
ఒకటే పేరుకి రెండు కొలతలు ఎలా వచ్చాయి? ఇద్దరిదీ ఒకే భాష, ఒకప్పుడు ఒకే ప్రభుత్వం కదా?

లెక్కల_మాస్టారు
ఒకే ప్రభుత్వం ఉన్నప్పటి కొలత అమెరికా దగ్గరే మిగిలింది, మార్చుకున్నది బ్రిటన్. పాత ఇంగ్లండులో వైన్‌కి ఒక గ్యాలన్, బీరుకి ఒక గ్యాలన్, ధాన్యానికి ఇంకో గ్యాలన్ ఉండేవి. 1707లో ఆన్ రాణి కాలంలో వైన్ గ్యాలన్‌ను 231 ఘనపు అంగుళాలుగా ఖాయం చేశారు. అది 3.785 లీటర్లు. అమెరికా స్వతంత్రమయ్యాక కూడా దాన్నే వాడుకుంది.

1824లో బ్రిటన్ పాత గ్యాలన్లన్నిటినీ తీసేసి కొత్తది పెట్టుకుంది. పది పౌండ్ల నీళ్లు పట్టేంత జాగాను ఒక గ్యాలన్ అన్నారు. అది 4.546 లీటర్లు. దాన్నే ఇంపీరియల్ గ్యాలన్ అంటాం. రెండు దేశాల్లోనూ గ్యాలన్‌కి ఎనిమిది పింట్లే. కానీ అమెరికా పింట్‌కి 16 ఔన్సులు, బ్రిటన్ పింట్‌కి 20. అందుకే బ్రిటన్ ఔన్సు 28.41 మి.లీ., అమెరికా ఔన్సు కంటే కొంచెం చిన్నది. పింట్ పెద్దది, ఔన్సు చిన్నది. మా పిల్లలకు క్లాసులో చెప్పినా ఇక్కడే తికమకపడేవారు.

మేపుల్_ఆకు
టొరంటోలో ఆ రెండు ఔన్సులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇక్కడ బీరు సీసా 341 మి.లీ. బీరు టిన్ను 355. రెండూ 12 ఔన్సులే! సీసా ఇంపీరియల్ ఔన్సుల్లో, టిన్ను అమెరికా ఔన్సుల్లో. కెనడా డెబ్బైల్లో మెట్రిక్‌లోకి మారింది, కానీ పాత సీసా పాత సైజులోనే ఉండిపోయింది. అన్నట్టు, ఒంటారియోలో పాలు ప్యాకెట్లలోనే కొంటాం, అచ్చం మన ఊళ్లోలాగే. మూడు ప్యాకెట్లు కలిపి ఒక సంచిలో పెట్టి 4 లీటర్లు అమ్ముతారు. మా అత్తగారు మొదటిసారి చూసి ఎంత సంబరపడ్డారో.

సింహపురి
మన దేశం సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా చిన్నప్పుడు నెల్లూరులో కూల్‌డ్రింక్ అంటే గాజు సీసానే. ఇప్పుడు ప్లాస్టిక్‌లో 1.25, 1.75, 2.25 లీటర్లు అని ఎన్ని చూశానో. ఆ పావు లీటరు తోక ఎందుకు?

తూనికల_తాతయ్య
నేను తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. నాకు తెలిసింది చెబుతాను.

స్వతంత్రం వచ్చేనాటికి మన దేశంలో ఊరికో కొలత. 1956లో పార్లమెంటు చట్టం చేసి మెట్రిక్ పద్ధతిని తెచ్చింది, 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా అమలు మొదలైంది. ఆ పని గట్టిగా చేశాం కాబట్టే ఇవాళ మన పిల్లలకు ఔన్సు అంటే తెలియదు. ఇప్పుడున్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, దాని కింద 2011లో వచ్చిన ప్యాకేజ్డ్ కమాడిటీస్ నియమాలు.

తోక సంగతికి వస్తే, మన దగ్గర కూల్‌డ్రింక్ ధర ఎప్పుడూ చేతికి అందే గుండు అంకెలోనే ఉండాలి. ఐదు, పది, ఇరవై, నలభై. చిల్లర గొడవ దుకాణదారుకీ వద్దు, కొనేవాడికీ వద్దు. ఖర్చు పెరిగినప్పుడు ధర కదలకుండా సైజు కదులుతుంది. పోటీ పెరిగితే అదే ధరకు పావు లీటరు అదనంగా పోస్తారు. అమెరికాలో సైజు ఖాయం, ధర మారుతుంది. ఇక్కడ ధర ఖాయం, సైజు మారుతుంది. నా ఉద్యోగంలో చూసినదాన్ని బట్టి ఇది నా గట్టి అభిప్రాయం.

అందుకే ప్యాకెట్ మీద యూనిట్ సేల్ ప్రైస్ రాయాలని నియమం తెచ్చారు. లీటరు లోపు అయితే మిల్లీలీటరుకి ఎంత, లీటరు దాటితే లీటరుకి ఎంత అని ఉంటుంది. ఉదాహరణకు 250 మి.లీ. 20 రూపాయలు అనుకోండి, మిల్లీలీటరుకి 8 పైసలు. 2.25 లీటర్లు 100 రూపాయలైతే లీటరుకి 44 రూపాయల 44 పైసలు, అంటే మిల్లీలీటరుకి నాలుగున్నర పైసలు కూడా పడదు. ఎమ్మార్పీ చూసే అలవాటు మనవాళ్లందరికీ ఉంది. దాని పక్కనే ఉండే ఈ చిన్న అంకెను చూసేవాళ్లు తక్కువ. దయచేసి చూడండి.

చార్మినార్_చాయ్
తాతయ్య చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. 2003లో కోకాకోలా 200 మి.లీ. సీసాని ఐదు రూపాయలకు ఇచ్చింది. ఊళ్లలో కూల్‌డ్రింక్ అలవాటు బాగా పెరగడానికి అదొక కారణం. దానికి ముందు తొంభైల మొదట్లో పెప్సీ వచ్చినప్పుడు థమ్స్ అప్ వాళ్లు మహాకోలా అని 300 మి.లీ. సీసా దించారు. అప్పట్లో మామూలు సీసా 250. యాభై మి.లీ. ఎక్కువ పోసి పోటీకి నిలబడ్డారు. సీసా సైజు కూడా ఒక ఆయుధమే.

సాగరతీరం
అడగాలా వద్దా అనుకున్నాను కానీ అడుగుతున్నాను. మందు సీసాల లెక్క ఎవరైనా చెప్పగలరా? ఫుల్లు 750, హాఫ్ 375, బాగుంది. క్వార్టర్ 187.5 ఉండాలి కదా, 180 ఎందుకు? నాలుగు క్వార్టర్లు కొన్నవాడికి ఫుల్లు కొన్నవాడి కంటే 30 మి.లీ. తక్కువ వస్తుంది.

లెక్కల_మాస్టారు
లెక్క సరిగ్గానే పట్టారు. 180 అనేది 30 మి.లీ. పెగ్గులు ఆరు, 90 మి.లీ. సీసా మూడు పెగ్గులు. ఫుల్లు ఇరవై ఐదు పెగ్గులు. మన బార్లలో పెగ్గు 30 గానీ 60 గానీ. బ్రిటన్‌లో విస్కీ, జిన్, రమ్, వోడ్కా 25 మి.లీ. లెక్కన గానీ 35 లెక్కన గానీ పోయాలని చట్టం. అమెరికాలో మామూలుగా ఒకటిన్నర ఔన్సు, అంటే 44 మి.లీ.

నాకు ఎక్కువ ఆసక్తి 750 మీద. మెట్రిక్ రాకముందు అమెరికాలో మందు సీసా గ్యాలన్‌లో ఐదో వంతు ఉండేది. 3,785ని ఐదుతో భాగించండి, 757 మి.లీ. బ్రిటన్‌లో సీసా ఇంపీరియల్ గ్యాలన్‌లో ఆరో వంతు. 4,546ని ఆరుతో భాగించండి, అదీ 757! గ్యాలన్లు వేరు, భాగాలు వేరు, సీసా మాత్రం ఒకటే సైజు. అందుకే మెట్రిక్‌లోకి మారేటప్పుడు 750 దగ్గర ఆగడం ఎవరికీ కష్టం కాలేదు.

థేమ్స్_తీరం
కానీ మాస్టారూ, ఇక్కడ ఇప్పుడు విస్కీ సీసా 70 సెంటీలీటర్లు, అంటే 700 మి.లీ. వైన్ మాత్రం 75. మన ఊరి నుంచి వచ్చిన 750 సీసా పక్కన పెడితే తేడా కనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు
అవును, యూరప్‌లో మందుకి 700 ఖాయం చేశారు. అమెరికా చాలాకాలం 750 తప్ప 700ని ఒప్పుకోలేదు. ఒకే విస్కీని రెండు సైజుల సీసాల్లో నింపాల్సి వచ్చేది. 2020 డిసెంబర్‌లో అక్కడ 700కి కూడా అనుమతి ఇచ్చారు.

మొండి_ధైర్యం
ప్రపంచమంతా లీటర్లలో ఉంటే అమెరికా ఒక్కటే మొండిగా ఔన్సులు పట్టుకుని కూర్చుంది. మార్చుకోవడానికి ఏం నొప్పి?

వెన్నెల_ఆస్టిన్
నాకూ మొదట్లో అలాగే అనిపించేది. కానీ ఇక్కడ మందుల సీసాలు, సూపర్‌మార్కెట్ లేబుళ్లు చూస్తే రెండూ ఉంటాయి. పూర్తిగా మారలేదు, పూర్తిగా మారకుండానూ లేదు.

లెక్కల_మాస్టారు
వెన్నెల గారు చెప్పిందే సరైనది. 1975లో అమెరికా మెట్రిక్ చట్టం చేసింది, కానీ ఇష్టమున్నవాళ్లు మారండి అంది. దానికోసం పెట్టిన బోర్డును 1982లో మూసేశారు. అయినా వైన్‌కి 1979 నుంచి, విస్కీలాంటి మందుకి 1980 నుంచి మెట్రిక్ సైజులే తప్పనిసరి. 1992లో లేబుళ్ల చట్టానికి చేసిన సవరణతో చాలా ప్యాకెట్ల మీద రెండు కొలతలూ రాయాలన్నారు. మనం తప్పనిసరి చేశాం, వాళ్లు చేయలేదు. తేడా అక్కడుంది. వ్యాపారులకు వదిలేస్తే కొలతలు కొన్ని మారతాయి, కొన్ని మారవు.

బెర్లిన్_బాటసారి
జర్మనీ నుంచి రెండు ముక్కలు. ఇక్కడ హోటల్లో గ్లాసు మీద ఒక గీత, దాని పక్కన 0.2, 0.3, 0.5 లీటర్లు అని అంకె ఉంటుంది. ఆ గీతదాకా పోయాల్సిందే, నురగ లెక్కలోకి రాదు. సీసాల మీద పరిమాణం పక్కన చిన్నగా ఇంగ్లీషు e అక్షరం గుర్తు ఉంటుంది, గమనించారా? ఆ బ్యాచ్ సగటు రాసిన పరిమాణానికి తగ్గదని, ఒక్కో సీసాలో వచ్చే తేడాకు హద్దు ఉందని దాని అర్థం. 500 మి.లీ. సీసాకి ఆ హద్దు 15 మి.లీ.

ఇంకొకటి, ఖాళీ సీసాకి డబ్బు. వాడి పారేసే బాటిల్‌కి, టిన్నుకి 25 సెంట్లు, మామూలు బీరు సీసాకి 8 సెంట్లు ముందే కట్టించుకుని తిరిగి ఇస్తే ఇచ్చేస్తారు. మన కిరాణా కొట్టులో సోడా సీసాకి డిపాజిట్ కట్టిన రోజులే కదా ఇవి! మనం ఎందుకు వదిలేశామో అని బాధేస్తుంది.

ఇసుక_దారి
నాది జగిత్యాల దగ్గర, దుబాయ్‌లో ఉంటాను. ఇక్కడ రూముకి తెచ్చే నీళ్ల డబ్బా ఐదు గ్యాలన్లు. ఊళ్లో 20 లీటర్ల క్యాన్. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకటే అనుకుంటారు. అమెరికా గ్యాలన్ లెక్కన ఐదు గ్యాలన్లంటే 18.9 లీటర్లే. రూములో పదిమంది పంచుకుని కొనేటప్పుడు ఆ లీటరు తేడా తెలుస్తుంది.

వెన్నెల_ఆస్టిన్
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు అసలు టెన్షన్. నాకు త్వరలో డెలివరీ. అమ్మ మా అక్క పిల్లల్ని పెంచింది, డబ్బాపాలు కలపడం ఆమెకు బాగా తెలుసు. ఇక్కడి పాల సీసా మీద ఔన్సులు పెద్ద అక్షరాలతో, మి.లీ. సన్నగా ఉన్నాయి. ఏది చూసి కలపమని చెప్పాలి?

మందుల_కొట్టు_అక్క
వెన్నెలా, ఇది మాత్రం జాగ్రత్తగా చదువు, మీ అమ్మగారితో కూడా చదివించు. నేను ఫార్మసిస్టుని, న్యూజెర్సీలో పనిచేస్తున్నాను. మనవాళ్ల ఇళ్లలో నేను తరచుగా చూసే గందరగోళం ఇదే.

సీసా మీది మి.లీ. గీతలు చూసి నీళ్లు పోసుకోవచ్చు, 2 ఔన్సులంటే 60 మి.లీ., 4 అంటే 120. అది సులువే. తేడా స్కూపులో ఉంది. మన దేశంలో అమ్మే డబ్బాల్లో ఎక్కువ వాటికి 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు. అమెరికాలో అమ్మే వాటిలో ఎక్కువ వాటికి 2 ఔన్సులకు, అంటే 60 మి.లీ.కి ఒక స్కూపు. ఇక్కడి స్కూపు పెద్దది. అమ్మ చేతికి ముప్పైకి ఒకటి అలవాటై ఉంటుంది. అదే లెక్కన ఇక్కడి పౌడర్ కలిపితే పాలు రెండింతలు చిక్కనవుతాయి. బిడ్డ ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, కిడ్నీల మీద భారం పడుతుంది. ఊరి నుంచి తెచ్చిన డబ్బాను ఇక్కడి లెక్కన కలిపితే సగం పలుచన. బిడ్డకి బలం అందదు, ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. రెండూ ప్రమాదమే.

ఏ డబ్బాకి ఆ డబ్బాలోని స్కూపే వాడండి. డబ్బా అయిపోయాక స్కూపు పారేయండి, దాచి ఇంకో డబ్బాలో వేయొద్దు. ముందు నీళ్లు కొలవాలి, తర్వాత పౌడర్. పౌడర్ వేశాక గీత పైకి వస్తుంది, అది సహజం, మళ్లీ నీళ్లు సరిచేయొద్దు. డబ్బా మీది పట్టికను పెద్ద తెలుగు అక్షరాలతో కాగితం మీద రాసి వంటింట్లో అంటించండి.

జ్వరం సిరప్‌ల సంగతి కూడా చెప్పేస్తాను. ఇక్కడి పిల్లల పారాసెటమాల్ సిరప్‌లో 5 మి.లీ.కి 160 మి.గ్రా. ఉంటుంది. మన దేశంలో 5 మి.లీ.కి 120 ఉన్నవి, 250 ఉన్నవి దొరుకుతాయి, చుక్కల మందులో అయితే ఒక్క మి.లీ.లోనే 100. కాబట్టి అక్కడ ఇన్ని మి.లీ. ఇచ్చేవాళ్లం అనే జ్ఞాపకంతో ఇక్కడి మందు పోయకూడదు, ఇక్కడి లెక్కతో అక్కడి మందూ పోయకూడదు. వంటింటి చెంచా వద్దు, సిరంజితోనే కొలవండి. ఎంత ఇవ్వాలో బిడ్డ బరువు చూసి డాక్టరు చెప్పాలి.

కృష్ణాతీరం
అక్కా, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ చర్చ అందరూ చదవాలి. మా చెల్లెలు సియాటిల్‌లో ఉంది, ఇప్పుడే పంపించాను.

కంగారూ_కబుర్లు
మెల్‌బోర్న్‌లో చెంచా కూడా వేరు. ఇక్కడి టేబుల్‌స్పూన్ 20 మి.లీ., అమెరికాలో 15. కప్పు ఇక్కడ 250, అమెరికాలో సుమారు 240. టిన్ను 375. అడిలైడ్‌లో పింట్ అడిగితే 425 మి.లీ. ఇస్తారు, మా దగ్గర అడిగితే బ్రిటన్ సైజు పింట్ వస్తుంది. ఒకే దేశం!

ఇక రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు చూడండి, అది 180 మి.లీ. జపాన్ పాత కొలత అది, ఆ దేశంలో బియ్యానికీ సారాయికీ అదే వాడేవారు. అక్కడి సారాయి సీసా 720 మి.లీ., అంటే సరిగ్గా నాలుగు కప్పులు. అమెరికా వంటల వీడియోలో కప్పు బియ్యం అంటే కుక్కర్ కప్పుతో కొలిచి, నీళ్లు మాత్రం వాళ్లు చెప్పినన్ని పోస్తే అన్నం ముద్దవుతుంది.

తూనికల_తాతయ్య
మనకూ అలాంటి లెక్క ఉండేది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. అన్నీ రెట్టింపు చేసుకుంటూ పోవడమే, చదువు రానివాళ్లు కూడా కళ్లముందు సగం చేసి కొలవగలిగేవారు. చిక్కల్లా ఒక జిల్లా మానిక ఇంకో జిల్లా మానికతో కలవకపోవడం. రైతు ఒక కుంచంతో అమ్మి, ఇంకో కుంచంతో కొనుక్కునేవాడు. ఆ మోసం ఆగాలంటే లీటరు రావాల్సిందే.

సింహపురి
మరి పెరుగు డబ్బా 32 ఔన్సులు అన్నారు వెన్నెల గారు. అది 946 మి.లీ. అవుతుందా?

మందుల_కొట్టు_అక్క
కాదండి, పెరుగుది బరువు ఔన్సు. 28.35 గ్రాములు. 32 అంటే 907 గ్రాములు, రెండు పౌండ్లు. లేబుల్ మీద నెట్ వెయిట్ అని ఉంటే బరువు, ఫ్లూయిడ్ ఔన్స్ అని ఉంటే పరిమాణం. తేనె కూడా బరువులోనే అమ్ముతారు.

తూనికల_తాతయ్య
మన దగ్గర నూనెకీ అదే తేడా చూడాలి. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది. నూనె నీళ్లకంటే తేలిక. లీటరు రాయకుండా గ్రాములు మాత్రమే తక్కువగా రాసిన ప్యాకెట్ కనిపిస్తే, అది లీటరు ప్యాకెట్ కాదని గుర్తుపెట్టుకోండి.

సాగరతీరం
చివరిగా ఒకటి. విమానంలో చేతిసంచిలో 100 మి.లీ. వరకే అంటారు కదా. అమ్మ 200 మి.లీ. సీసాలో సగం నెయ్యి పోసి తీసుకెళ్తానంటోంది. సరిపోతుందా?

ఇసుక_దారి
సరిపోదు. లోపల ఎంత ఉందో కాదు, సీసా సైజు చూస్తారు. చాలా చోట్ల ఆ సైజు 100 మి.లీ., అమెరికాలో అయితే 3.4 ఔన్సులు దాటకూడదు. నెయ్యిని చెకిన్ లగేజీలో పెట్టమనండి, మూత చుట్టూ టేపు వేసి.

సాగరతీరం
సరే అన్నా, అలాగే చెబుతాను. థ్యాంక్స్.